బెర్లిన్‌లో సరస్సు చూడాలంటే వాన్‌జే స్టేషన్‌లో దిగండి

మేం బస చేసిన హోటల్ కౌంటర్‌లోని మనిషి మీద నాకింకా కోపం తగ్గలేదు. సరస్సులో పడవెక్కాలని అమ్మ సరదాపడిందని అడిగితే, మనిషికి 29 యూరోల ప్యాకేజీ చూపించి, అది తప్ప వేరే దారే లేదన్నాడు. అమ్మకీ, మా ఆవిడకీ, నాకూ కలిపి 87 యూరోలు. అక్కడే చదువుకుంటున్న మా అబ్బాయి ఆ కాగితం వెనక్కిచ్చేసి, "పదండి నాన్నా, రైలెక్కుదాం" అన్నాడు. ఊరు తెలియనివాళ్లయితే కట్టేసేవాళ్లే.

వాన్‌జే బెర్లిన్ నైరుతి అంచున, అదే పేరున్న సరస్సు పక్కన ఉన్న లోకల్ రైలు స్టేషన్. ఎస్1, ఎస్7 లైన్ల రైళ్లు రెండూ వెళ్తాయి. సెంట్రల్ స్టేషన్ నుంచి ఎస్7లో సుమారు అరగంట. మేం వెళ్లిన 2024 వేసవిలో ఏబీ జోన్ల (అంటే బెర్లిన్ నగరం మొత్తానికీ చెల్లే) 24 గంటల టికెట్టు 9.90 యూరోలు, ముగ్గురికీ 29.70. అంటే ఆ ప్యాకేజీలో ఒక్కరికి అడిగిన డబ్బుకి 70 సెంట్లు కలిపితే మా ముగ్గురికీ రోజంతా రైళ్లూ, బస్సులూ, లాంచీ కూడా! అబ్బాయికి స్టూడెంట్ పాస్ ఉంది. కాగితం టికెట్టు కొంటే ప్లాట్‌ఫాం మీది మెషీన్‌లో ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి. గేట్లుండవు గానీ మామూలు బట్టల్లో తనిఖీవాళ్లు తిరుగుతుంటారు, జరిమానా 60 యూరోలు.

స్టేషన్ బయటికొచ్చి రోడ్డు దాటి, చెట్ల మధ్య పల్లంలోకి కాస్త నడిస్తే రేవు. అక్కడ ఎఫ్10 ఫెర్రీ ఎక్కాలి. గంటకొకటి ఉంటుంది, అవతలి ఒడ్డున ఉన్న క్లాడోకి 20 నిమిషాలు. ఇది సిటీ రవాణా సంస్థ నడిపేదే, కాబట్టి రైలు టికెట్టే చాలు. అమ్మ కొవ్వూరులో పుట్టి పెరిగింది. పొద్దున్నుంచీ మోకాళ్ల నొప్పులతో ముభావంగా ఉన్న మనిషి, తెరచాపల పడవలు పక్కనుంచి వెళ్తుంటే రెయిలింగ్ దగ్గర్నుంచి కదల్లేదు. "మన లాంచీలాగే ఉందిరా, ఇంకోసారి ఎక్కుదాం" అంది. ఎక్కాం. మళ్లీ పైసా కట్టలేదు.

క్లాడోలో తిండి సంగతి చెప్పుకోవడానికేం లేదు.

తిరిగొచ్చాక స్టేషన్ ముందే 114 బస్సెక్కి వాన్‌జే కాన్ఫరెన్స్ భవనానికి వెళ్లాం. 1942 జనవరి 20న పదిహేను మంది నాజీ ఉన్నతాధికారులు యూరప్ యూదుల సామూహిక హత్యని ఎలా సమన్వయం చేయాలో మాట్లాడుకున్న ఇల్లు. ప్రవేశం ఉచితం. బయట పూలమొక్కలు, సరస్సు, లోపల ఆ సమావేశం మినిట్స్. మా ఆవిడ సగంలోనే బయటికొచ్చి కూర్చుంది, సాయంత్రం దాకా పెద్దగా మాట్లాడలేదు. అయినా వెళ్లండనే చెబుతాను. పెద్ద పిల్లలుంటే మరీనూ. లాంచీ ముందు, ఇది తర్వాత అనుకోకండి. ముందు ఇది చూసి, తర్వాత నీళ్ల మీదికి వెళ్లడమే నయం.

ఈతకి ఇసుక తీరం కావాలంటే మాత్రం వాన్‌జేలో దిగొద్దు. పేరు చూసి చాలామంది ఇక్కడే దిగుతారు. స్ట్రాండ్‌బాడ్ వాన్‌జే అనే ఆ ఈత తీరానికి ఒక స్టేషన్ ముందున్న నికొలాస్‌జే దగ్గర. పోట్స్‌డామ్ దాకా వెళ్లేవాళ్లు మొదట్లోనే ఏబీసీ టికెట్టు తీసుకోండి, వాన్‌జే దాటగానే సీ జోన్.