లైసెన్సు తర్వాత చదువు: రాజేంద్రనగర్‌లోనా, కంపెనీ మీటింగ్‌లోనా, మన షెడ్డులోనా?

పెస్ట్ కంట్రోల్ లైసెన్సు ఫ్రేము కట్టించి గోడకు తగిలించాక కొత్త సంగతులు ఎక్కడ నేర్చుకోవాలి? హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లకు దారులు ఉన్నాయి. రాజేంద్రనగర్‌లో ఎన్ఐపీహెచ్ఎం (మొక్కల ఆరోగ్య నిర్వహణ జాతీయ సంస్థ) ఉంది, మందుల కంపెనీలు పెట్టే మీటింగులున్నాయి, ఫోన్‌లో ఆన్‌లైన్ క్లాసులున్నాయి, మన షెడ్డులో మనమే పెట్టుకునే శిక్షణ ఉంది. ఏది మేలో తేల్చే ముందు, ఎవరికి మేలో తేల్చుకోవాలి. లైసెన్సు ఉండేది డిగ్రీ చదివినాయన పేరు మీద. పంపు భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్లేది ఇంకో మనిషి. చదువంతా మొదటాయన దగ్గరే ఆగిపోతే ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదు.

1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్ బరువంతా లైసెన్సుకు ముందు చదువు మీదే పెట్టాయి. వ్యవసాయ డిగ్రీ గానీ, కెమిస్ట్రీ ఉన్న సైన్సు డిగ్రీ గానీ ఉండాలి. దాని పైన గుర్తింపు ఉన్న సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణ తీసుకోవాలి. మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ, హాపుర్‌లోని ధాన్యం నిల్వ సంస్థ, మన రాజేంద్రనగర్ సంస్థ ఆ జాబితాలోవే. ఈ విషయంలో మనవాళ్లు అదృష్టవంతులు, ఇంటి నుంచే వెళ్లి రావచ్చు.

కానీ ఆ 15 రోజుల చదువు పాతబడుతుంది. నువాన్ పేరుతో ఇంటింటా తెలిసిన డైక్లోర్వాస్‌నే చూడండి. 2018లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో 2020 డిసెంబరు 31 నుంచి దాని వాడకం ఆగిపోయింది. అంతకు ముందు కోర్సు చేసినవారి నోట్సులో అది మామూలు మందే. చెదల పని ఇంకా పెద్ద ఉదాహరణ. పాత చెదల మందు క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ (20 శాతం మందున్న ద్రవం) అయితే లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు, అంటే లీటరు ద్రావణంలో 50 మిల్లీలీటర్లు. దాని తర్వాత వచ్చిన ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ (30.5 శాతం మందున్న ద్రవం) అయితే లీటరు నీటికి 2.1 మిల్లీలీటర్లు చాలు. కొలజాడీ పక్కన పెట్టి పాత చేతివాటంతో పోసే కుర్రాడు ఇరవై రెట్లకు పైగా పోసేస్తాడు. నేల మీద పాకే పసిపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న తేడా కాదు.

ఫ్యూమిగేషన్, అంటే విషవాయువు పట్టి పురుగుల్ని చంపే పని చేసేవాళ్లకైతే నా దృష్టిలో రాజేంద్రనగర్‌కు పోటీయే లేదు. మలక్‌పేట గోదాముల్లో ధాన్యానికి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టాలన్నా, సనత్‌నగర్ డిపోలో ఎగుమతి కంటైనర్లకు మిథైల్ బ్రోమైడ్ పట్టాలన్నా అది వీడియో చూసి నేర్చుకునే పని కాదు. బిళ్లలోంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాస్‌కు విరుగుడు మందు లేదు. సందు దొరికితే గోడ అవతలి గదిలోకీ పాకుతుంది. కవరు అంచులు ఎలా మూయాలి, గ్యాస్ ఎంతుందో ఎలా కొలవాలి, గాలి ఆడాక లోపలికి ఎప్పుడు వెళ్లాలి అన్నవి తెలిసినవారి ముందు చేతులతో చేసి చూస్తేనే పట్టుబడతాయి. అలా నేర్చుకున్నవాడే అపార్ట్‌మెంట్‌లో ఎలుకలకు ఆ బిళ్ల వేయమని అడిగినాయనకు కుదరదని గట్టిగా చెప్పగలడు. ఇబ్బందల్లా రోజుల తరబడి పని వదులుకోవడమే. ఇద్దరు టెక్నీషియన్లున్న చిన్న సంస్థకు అది భారమే.

కంపెనీ మీటింగుకు వెళ్లండి. ఖర్చు లేదు, భోజనం పెడతారు, కొత్త మందు గురించి బాగా చెప్తారు. వాళ్ల మందు ఎక్కడ పనిచేయదో మాత్రం మనం అడిగితేనే బయటికి వస్తుంది. బొద్దింకల జెల్ పెట్టిన చోట పైరెథ్రాయిడ్ (ఇళ్లలో ఎక్కువగా వాడే ఒక పురుగుమందుల గ్రూపు) స్ప్రే కొడితే బొద్దింకలు ఆ జెల్ జోలికే రావు. జెల్ ఒకరిది, స్ప్రే ఇంకొకరిది అయినప్పుడు ఈ మాట ఎవరి స్లైడులోనూ ఉండకపోవచ్చు. అమీర్‌పేట హాస్టళ్లలో నల్లుల పని చేసేవాళ్లు తప్పక అడగాల్సింది ఒకటుంది: ఈ మందు ఏ గ్రూపు (పురుగును చంపే తీరును బట్టి చేసే విభజన)? నల్లులు పైరెథ్రాయిడ్లకు తట్టుకోవడం ప్రపంచమంతా చూసినదే. పేరు మారి గ్రూపు అదే అయితే డబ్బా మార్చినా ఫలితం మారదు, మోతాదు పెంచితే మంచం మీద పడుకునే పిల్లలకే చేటు.

ఆన్‌లైన్ క్లాసు నిషేధాలు, రూల్స్ తెలుసుకోవడానికి సరిపోతుంది. అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోను.

ఇక మన షెడ్డు. చాలామంది దీన్ని శిక్షణగానే లెక్కపెట్టరు. నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. పనివాళ్లకు జాగ్రత్తల్లోనూ రక్షణ పరికరాల వాడకంలోనూ తగిన శిక్షణ ఇప్పించాలని రూల్స్‌లో 42వ నిబంధన ఆపరేటర్లకూ, అంటే మనలాంటి పెస్ట్ కంట్రోల్ చేసేవాళ్లకూ చెప్తోంది. కాబట్టి ఇది యజమాని దయ కాదు, బాధ్యత. పంపులో మందు పోయకుండా నీళ్లే పోసి గోడ అంచు వెంట కొట్టించండి. నాజిల్ కారుతోందా, గ్లవ్స్‌కు చిల్లుందా చూడండి. డబ్బా మీది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో ఏది ఎంత ప్రమాదమో వాళ్ల చేతే చెప్పించండి. లేబుల్ కాగితం ప్రాంతీయ భాషల్లోనూ వస్తుంది. నల్గొండ కుర్రాడితో తెలుగులో, బిహార్ నుంచి వచ్చినవాడితో హిందీలో చదివించండి. ఎవరికైనా తల తిరిగి వాంతులైతే 108కి ఫోన్ చేయడంతో పాటు ఆ కాగితం చేతపట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలని నేర్పండి. క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులకు విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు, అన్ని మందులకూ అది విరుగుడు కాదు. డాక్టరుకు మందు పేరు తెలియడం అంత ముఖ్యం.

షెడ్డు శిక్షణకు ఒక లోపముంది. సీనియర్ అన్న తన పాత అలవాట్లనే నేర్పేస్తాడు. బయటి నుంచి కొత్త మాట రాకపోతే తప్పు కొలతే తరం నుంచి తరానికి వెళ్తుంది. అందుకే యజమాని ఏడాదికోసారైనా రాజేంద్రనగర్‌లోనో మీటింగులోనో విన్నది తెచ్చి, వానలకు ముందు ఒక ఆదివారం అందర్నీ కూర్చోబెట్టాలి.

కాలిఫోర్నియాలో ‘క్వాలిఫైడ్ అప్లికేటర్’ లైసెన్సు (పురుగుమందులు కొట్టే పనికి ఇచ్చేది) ఉన్నవారు రెండేళ్లలో 20 గంటల చదువు చూపించాలి. అందులో కొంత చట్టాలకూ భద్రతకూ కేటాయించాలి. ఆ గంటల పద్ధతి మనకూ రావాలని నా కోరిక. అయితే హాజరు సంతకంతో సరిపెట్టకుండా, కొలజాడీ చేతికిచ్చి చిన్న పరీక్ష పెట్టాలి. అది వచ్చేదాకా అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లు ఒక పని చేయగలరు. కాంట్రాక్టు ఇచ్చే ముందు లైసెన్సు జిరాక్సు అడుగుతున్నారు కదా, మీ ఇంటికి వచ్చే టెక్నీషియన్‌కు చివరిసారి శిక్షణ ఎప్పుడు ఇచ్చారో, ఏం నేర్పారో కూడా అడగండి.