గోధుమ లేని రాత్రి వంట: జొన్నరొట్టె, సంకటి, దిబ్బరొట్టెల్లో ఏది మేలు?

ఇంట్లో ఒకరికి గోధుమ పడదని తేలితే పగటి భోజనానికి పెద్దగా ఇబ్బంది రాదు. అన్నం, పప్పు, కూర, చారు, పెరుగు ఎప్పటిలాగే నడుస్తాయి. చిక్కంతా రాత్రిపూటే. షుగరు భయంతోనో, బరువు తగ్గాలనో మన ఇళ్లలో చాలాచోట్ల రాత్రి అన్నం పోయి చపాతీ వచ్చింది. చపాతీ చేసే ఓపిక లేని రోజు ఉప్మా, అదీ కాదంటే సేమియా. మూడూ గోధుమే. బొంబాయి రవ్వ గోధుమ నుంచి వచ్చేదని చాలామందికి చెబితే తప్ప గుర్తుకు రాదు.

మా చిన్నవాడికి సీలియాక్ వ్యాధి ఉంది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు ఒంట్లోకి వెళ్తే చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్న తిండిలోని ఇనుము, కాల్షియం ఒంటికి పట్టవు. కొంచెమే కదా అని సరిపెట్టుకోవడానికి వీల్లేని జబ్బు ఇది. అలాగని పిల్లవాడికి విడిగా ఒక గిన్నెలో ఏదో వండిపెట్టి, మిగతా అందరం చపాతీలు తినడం నాకు ససేమిరా ఇష్టం లేదు. రాత్రి భోజనం అందరూ ఒకచోట కూర్చుని ఒకే వంట తినే పూట. కాబట్టి ఏ వంట మేలో చూసేటప్పుడు నేను మూడు విషయాలే చూస్తాను: గోధుమ ఏ రూపంలోనూ తగలకూడదు, ఇంటిల్లిపాదికీ నచ్చాలి, వండినవాళ్లు కూడా అందరితో కలిసి తినగలగాలి.

ముందుగా జొన్నరొట్టె. రుచిలో దానికి సాటి లేదు. వంకాయ కూరతోనో, గోంగూర పప్పుతోనో వేడివేడి రొట్టె తింటే చపాతీ ఊసే రాదు. కానీ దాని పనితనం వేరు. గోధుమ పిండిలో సాగే గుణం గ్లూటెన్‌ది. జొన్నకు అది లేదు కాబట్టి చన్నీళ్లతో కలిపితే పిండి విరిగిపోతుంది. ఉప్పు వేసి మరిగించిన నీళ్లు పిండిలో పోసి, గరిటెతో కలిపి, మూతపెట్టి, చెయ్యి ఓర్చుకునే వేడికి వచ్చాక అరచేతితో గట్టిగా మర్దించాలి. ఆ వేడికే పిండికి జిగురు వస్తుంది. పొడిపిండి చల్లిన పీట మీద తిప్పుతూ తడుతూ అంచులు పగలకుండా రొట్టె చేసి, కాలిన పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్లు రాయాలి. ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. పిండి పాతదైతే ఎంత చేయి తిరిగినవాళ్లు చేసినా పగుళ్లే వస్తాయి. అందుకే జొన్నలు ఎప్పటికప్పుడు కొద్దికొద్దిగా పట్టించుకోవాలి.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. వీధిలోని పిండిమరలో మనకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని వెళ్తారు. ఆ పిండి మర గొంతులో, రాళ్ల మధ్య ఉండిపోయి మన జొన్నపిండిలో కలుస్తుంది. సీలియాక్ ఉన్నవారికి అంత చాలు. ఇంట్లో చిన్న మర ఉంటే సరే. లేకపోతే జొన్నలు కడిగి ఆరబెట్టి, మిక్సీలో కొద్దికొద్దిగా పట్టి జల్లించుకోవాలి. ఆ జల్లెడ గోధుమపిండి జల్లించినది కాకూడదు. తీగల సందుల్లో చిక్కుకున్న పిండి కడిగినా ఒకంతట పోదు. చపాతీ పీట, కర్ర కూడా అంతే. చెక్క కాబట్టి గీతల్లో పిండి నిలుస్తుంది. జొన్నరొట్టెకు వేరే పీట పెట్టుకోవడం మంచిది. ఇక రెండో ఇబ్బంది, ఈ రొట్టె చల్లారితే బిరుసెక్కుతుంది. అందరూ వేడిగా తినాలంటే ఒకరు పొయ్యి దగ్గరే నిలబడాలి. ఆ ఒక్కరూ చివర్లో ఒంటరిగా తింటారు. సెలవు రోజున ఇద్దరు కలిసి చేస్తే దీన్ని మించింది లేదు, రోజూ మాత్రం కుదరదు.

రాగి సంకటికి ఆ బాధ లేదు. అరగ్లాసు బియ్యం ఎక్కువ నీళ్లలో మెత్తగా ఉడికించి, ఆ ఎసరు మధ్యలో గ్లాసు రాగిపిండి కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్నని సెగ మీద వదిలేయాలి. పిండి ఆవిరికి మగ్గాక దించి, తెడ్డుతో ఉండ లేకుండా గెలికి, తడిచేత్తో ముద్దలు చేస్తే అయిపోయింది. అందరి కంచాల్లోనూ ఒకేసారి పడుతుంది. రాయలసీమ ఇళ్లలో దీనికి తోడుగా నాటుకోడి పులుసో, శనక్కాయల చట్నీయో, ఆకుకూర పప్పో ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కాల్షియం ఒంటబట్టక ఎముకలు బలహీనపడే ఈ జబ్బులో అది చిన్న విషయం కాదు. అలవాటు లేని పిల్లలకు మాత్రం ఆ రంగు, నోట్లో జారే తీరు మొదట నచ్చవు. నిమ్మకాయంత ముద్దలో గుంట చేసి నెయ్యి వేసి ఇస్తే నెమ్మదిగా దారికి వస్తారు. రాగిపిండికీ మర భయం ఉందని మరవకూడదు.

దిబ్బరొట్టె దగ్గరికి వచ్చేసరికి నా పక్షపాతం దాచుకోలేను. గ్లాసు మినపప్పు నాలుగు గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బి, కడిగి పిండిన రెండు గ్లాసుల బియ్యపు రవ్వ, ఉప్పు, జీలకర్ర కలపాలి. ఇనప మూకుడులో ధారాళంగా నూనె వేసి, రెండు వేళ్ల మందాన పిండి వేసి, మూతపెట్టి, మంట బాగా తగ్గించాలి. తొందరపడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఓపిక పడితే అడుగు ఎర్రగా, కరకరలాడుతూ కాలుతుంది, లోపల దూదిలా మెత్తగా ఉంటుంది. తిప్పి రెండోవైపు కూడా కాల్చి, ముక్కలుగా కోసి పెడితే పిల్లలు ఆ ఎర్రని అంచు కోసం పోట్లాడుకుంటారు. ఆవకాయతో పెద్దలకు, తేనెతోనో బెల్లం పాకంతోనో పిల్లలకు. బియ్యం కడిగి ఆరబెట్టి ఇంట్లోనే రవ్వ పట్టుకుంటే మర ప్రమేయమే ఉండదు. అందుకే గోధుమ తగలకూడని పిల్లలున్న ఇంటికి మామూలు రోజుల్లో నేను మొదటి స్థానం దీనికే ఇస్తాను. నూనె కాస్త ఎక్కువ పడుతుంది, నిజమే. మధ్యాహ్నమే పప్పు నానబెట్టడం గుర్తుండాలి, అదీ నిజమే. షుగరు ఉన్న పెద్దవాళ్లు మాత్రం ఒక ముక్కతో ఆపి కూర ఎక్కువ తినాలి. రాగి, జొన్న అయినా వాళ్లకు కొలత తప్పదు.

పప్పు నానబెట్టడం మరచిన రోజుకు ఉప్పుడు పిండి ఉంది. తాలింపులో పెసరపప్పు వేసి, ఒక గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు పోసి మందపాటి గిన్నెలో మగ్గిస్తే చాలు. బియ్యప్పిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు వేసి గిన్నెకు ఒత్తి కాల్చే తెలంగాణ సర్వపిండి కూడా ఇదే కోవకు చెందుతుంది. పెసరట్టు సరేసరి, లోపల ఉప్మా పెట్టనంతవరకే.

పై వంటలన్నిటికీ వర్తించే జాగ్రత్త ఒకటుంది. ఇంగువ. కొట్లో దొరికే ఇంగువ పొడిలో చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుస్తుంది. డబ్బా వెనక చదివి, బియ్యప్పిండి కలిపిన రకం ఏరుకోవాలి, లేదా తాలింపులో వెల్లుల్లితో సరిపెట్టుకోవాలి.

ఇక గ్లూటెన్ లేదని అమ్మే చపాతీ పిండి. బియ్యప్పిండి, మొక్కజొన్న, కర్రపెండలం పిండి వంటివి కలిపి, సాగడానికి జిగురు పదార్థం చేర్చి తయారు చేస్తారు. ధర మామూలు గోధుమపిండికి ఎన్నో రెట్లు. చేసిన చపాతీ చూడటానికి చపాతీలాగే ఉంటుంది కానీ చల్లారాక అట్టముక్కే. మన నియమాల ప్రకారం ఇలాంటి పొట్లంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు కాబట్టి భద్రత విషయంలో దానికి ఒక విలువ ఉంది. రోజూ రాత్రి వంటకు నేను దాన్ని కొనను. స్కూల్లో స్నేహితుల డబ్బాల్లో చపాతీ రోల్ చూసి వచ్చి తనకూ అదే కావాలని వాడు అడిగిన రోజున వాడుకోవడానికి మాత్రం ఒక చిన్న పొట్లం ఇంట్లో ఉంచుతాను.