స్టార్‌వెబ్ - ఓపికున్నోళ్లకి అసలైన స్పేస్ గేమ్

గ్రాఫిక్స్ లేవు, సౌండ్ లేదు, అయినా ఇంత టెన్షన్ పెట్టే స్ట్రాటజీ గేమ్ ఇంకోటి నేను చూళ్లేదు. ఫ్లయింగ్ బఫెలో అనే గేమ్ కంపెనీ వాళ్లు 1976లో తెచ్చారు, అప్పట్లో పోస్టులో ఆడేవాళ్లు, తర్వాత ఈమెయిల్ వచ్చింది. 15 మంది ప్లేయర్లు, రెండొందలకి పైగా గ్రహాలు, ఎవరు ఎక్కడున్నారో మొదట్లో ఎవరికీ తెలీదు. మన ఆర్డర్లు రాసి పంపితే కంప్యూటర్ అందరివీ కలిపి లెక్కేసి రిజల్ట్ ఇస్తుంది.

నాకు బాగా నచ్చింది ఆరు పాత్రలు. ఉదాహరణకి వ్యాపారికి సరుకు చేరిస్తే పాయింట్లు, పైరేట్‌కి దోచుకుంటే, అపోస్తలుడికి జనాన్ని తన మతంలోకి తిప్పుకుంటే, బెర్సర్కర్‌కి జనాన్ని చంపితే, ఇంక ఈ అపోస్తలుడికీ బెర్సర్కర్‌కీ పొత్తు ఎట్లా కుదురుతాది చెప్పండి!

తిరుపతిలో మా రూమ్ గోడమీద చార్ట్ అంటించి, గ్రహం నంబర్ చుట్టూ సున్నా చుట్టి, దారులు పెన్సిల్‌తో గీస్తా ఉంటాం, మావాడు ఎర్ర స్కెచ్‌తో శత్రువు ఫ్లీట్లు (ఓడల గుంపులు) గుర్తు పెడతాడు, దానిమీద వాదన మొదలైతే టీ చల్లారిపోవాల్సిందే. పక్క ప్లేయర్‌కి రాసే ఉత్తరంలోనే సగం గేమ్ ఉండాది, నమ్మించాలి, నమ్మాలి. వెంటనే రిజల్ట్ కావాలనుకునేవాళ్లకి ఇది పడదు. లెక్కలూ మాటకారితనమూ రెండూ ఉన్నోళ్లు మాత్రం కచ్చితంగా ఆడండి.