వాల్ డ్రగ్: డైనోసార్ వెనకాల మందుల షాపు

తెనాలిలో చాలా ఏళ్లు మందుల షాపు నడిపినవాణ్ణి. అందుకే అమెరికాలో సౌత్ డకోటా రాష్ట్రంలోని వాల్ డ్రగ్ గురించి నా రివ్యూ కాస్త కౌంటర్ వెనకవైపు నుంచి ఉంటుంది. కొండమీద అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్‌కి వెళ్లే మనవాళ్లు చాలామంది ఇక్కడ ఆగుతారు. పిల్లలు డైనోసార్‌తో ఫొటో దిగుతారు, పెద్దవాళ్లు బాత్రూమ్‌కి వెళ్లొస్తారు, తలా ఒక డోనట్ తిని, 'అంతా టూరిస్టు బిజినెస్' అనుకుంటూ కారెక్కేస్తారు. మా అల్లుడిదీ అదే మాట. నా లెక్క వేరు.

ముందు ఊరు సంగతి. వాల్ 1907లో రైలు దారి వెంట వెలిసిన ఊరు. జనాభా ఇప్పటికీ వెయ్యి లోపే. పక్కనే బ్యాడ్‌లాండ్స్ గుట్టలు గోడ కట్టినట్టు నిలబడి ఉంటాయి, పేరు అందుకే. చుట్టూ గడ్డి మైదానాలు, గోధుమ చేలు, పశువులు. 1931 డిసెంబరులో టెడ్ హస్టెడ్ అనే కుర్ర ఫార్మసిస్టు తండ్రి వదిలివెళ్లిన 3000 డాలర్లు పెట్టి, భార్య డొరొతీతో కలిసి ఇక్కడి మందుల షాపు కొన్నాడు. అప్పుడు ఊళ్లో ఉన్నది కొద్ది వందల మందే. ఒకపక్క మాంద్యం, ఇంకోపక్క కరువు, రైతుల చేతుల్లో డబ్బుల్లేవు. ఇలాంటి రోజుల్లో మందుల షాపు పెట్టినవాడి పాట్లు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. జబ్బులు తగ్గవు, అరువు పద్దులు మాత్రం పెరుగుతాయి. అయిదేళ్లు చూద్దాం, కుదరకపోతే సర్దుకుందాం అనుకున్నారట మొగుడూ పెళ్లాలు.

గడువు ముగిసే ఏడాది, 1936 జూలైలో, ఒక ఆదివారం మధ్యాహ్నం డొరొతీ పిల్లల్ని పడుకోబెట్టి తనూ నడుం వాల్చబోయింది. రోడ్డు మీద కార్ల మోతకి నిద్ర పట్టలేదు. ఇంత ఎండలో పోతున్నవాళ్లకి దాహం వేయదా, ఐస్ నీళ్లు ఊరికే ఇస్తామని బోర్డులు పెడదాం అంది. టెడ్ హైవే పక్కన బోర్డులు పాతి తిరిగొచ్చేసరికే షాపుకి జనం రావడం మొదలైంది. మన చలివేంద్రమే, కాకపోతే పక్కనే గల్లాపెట్టె. నీళ్లు తాగినవాడు ఒక ఐస్‌క్రీమైనా కొనకుండా పోతాడా! మరుసటి వేసవికి ఎనిమిది మంది అమ్మాయిల్ని పనిలో పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ బోర్డులు తర్వాత లండన్ దాకా వెళ్లాయి. ఐ-90 హైవే మీద ఇప్పటికీ వందల మైళ్ల ముందు నుంచే మొదలవుతాయి. నీళ్లు ఇప్పటికీ ఉచితం.

ఇప్పుడు అది షాపు కాదు, ఒక బజారు. బూట్లు, టోపీలు, రాళ్లు, నగలు, పుస్తకాలు, చిన్న ప్రార్థన మందిరం, పెరట్లో గర్జించే టీ-రెక్స్. మా మనవడు అక్కణ్ణుంచి కదల్లేదు. నేను మాత్రం పాత షాపు నమూనాలో కట్టిన మందుల మ్యూజియం దగ్గర ఆగిపోయాను. గాజు సీసాలు, వాటి మీద లేబుళ్లు, మందులు నూరే కల్వం. చిన్నప్పుడు మా ఊళ్లో కాంపౌండరు గారు సీసాకి అంటించే కాగితం మీద డోసు గీతలు కత్తిరించేవారు, అది గుర్తొచ్చింది. అసలు విశేషం ఏమిటంటే, ఈ సందడి మధ్య నిజమైన మందుల కౌంటర్ ఇంకా నడుస్తోంది. మాసిన టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి తన మందుల సంచీ తీసుకుని, కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి తీరిగ్గా వానల గురించి మాట్లాడుతున్నాడు. చుట్టూ ఫొటోలు దిగుతున్న మేమెవరం ఆయన కంటికి ఆనలేదు.

తిండి సంగతికొస్తే, ఇది మాంసం దేశం. బీఫ్ శాండ్‌విచ్, బైసన్ (అక్కడి అడవిదున్న) బర్గర్ పేరున్నవి. మా ఆవిడ శాకాహారి కాబట్టి డోనట్, 'పై' అనే తీపి వంటకం, ఐస్‌క్రీమ్‌తో సరిపెట్టి, మిగతాది కార్లో ఉన్న పులిహోర డబ్బాతో పూర్తి చేసింది. డోనట్ పైన కొంచెం కరకర, లోపల మెత్తన, బాగుంది. కాఫీ అయిదు సెంట్లే. డబ్బు అడిగేవాళ్లు ఉండరు, పక్కనున్న పెట్టెలో మనమే వేయాలి. ఫిల్టర్ కాఫీని మనసులో పెట్టుకుని తాగకండి. కొత్తగా పెళ్లయినవాళ్లకి, మాజీ సైనికులకి కాఫీ, డోనట్ ఊరికే. ఒకప్పుడు దగ్గర్లోని మినిట్‌మ్యాన్ అణు క్షిపణి స్థావరాల్లో డ్యూటీ చేసే సిబ్బందికీ ఇచ్చేవారు. వాటిలో ఒకటి ఇప్పుడు మ్యూజియం, అదీ చూడండి.

ఒక మాట. కౌబాయ్ బొమ్మలు చూసి ఈ నేల కథంతా తెలిసిపోయిందనుకోవద్దు. ఇది లకోటా అనే ఆదివాసీ ప్రజల నేల. 1890లో అమెరికా సైన్యం వాళ్లని ఊచకోత కోసిన వూండెడ్ నీ ఇక్కడికి దక్షిణాన, వాళ్ల పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లోనే ఉంది. వీలుంటే అటూ వెళ్లండి.

హైవే మీంచి ఎగ్జిట్ 110 దగ్గర దిగాలి, 80 అడుగుల డైనోసారే గుర్తు. తూర్పు నుంచి వచ్చేవాళ్లకి గడియారం గంట వెనక్కి వెళ్తుంది, కాబట్టి తొందర పడక్కర్లేదు. బస్సులు రాకముందే, పొద్దున్నే వెళ్తే నింపాదిగా చూడొచ్చు. నా మార్కులు అయిదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గిందంటే, అక్కడి ఫడ్జ్ అనే మిఠాయి నేను తినలేకపోయాను. తప్పు షాపుది కాదు, నా షుగరుది.