ఎన్‌పీఎం షాపులో ఏది కొనొచ్చు, ఏది మన డ్రమ్ములోనే కలుపుకోవాలి

ఆవు లేని చిన్నరైతు పురుగుమందు మానేయాలంటే ముందు తేలాల్సింది పేడ, మూత్రం, వేపగింజలు ఎక్కడి నుంచి వస్తాయన్న లెక్క. ఊళ్ళో మహిళా సంఘాల వాళ్ళు నడిపే ఎన్‌పీఎం షాపులు అందుకే పనికొస్తాయి. ఎన్‌పీఎం అంటే పురుగుమందుల్లేకుండా పురుగును అదుపులో పెట్టడం. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) పురుగుమందుల్లేని సాగును సంఘాల ద్వారా ఊళ్ళకు తెచ్చినప్పటి నుంచి ఇవి ఉన్నాయి. 2016 నుంచి ఆంధ్రలో రైతు సాధికార సంస్థ ప్రకృతి సాగు కార్యక్రమంతో మరికొన్ని ఊళ్ళకు చేరాయి. షాపులో ఉన్న ప్రతిదీ కొనాల్సిన పనిలేదు. కొన్ని కొంటే డబ్బు మిగులుతుంది, కొన్ని కొంటే నీళ్ళకు డబ్బు కట్టినట్టే.

కొనదగ్గవాటిలో మొదటిది వేపగింజల పొడి. పాల్వంచ దగ్గరి పునుకుల ఊరు పురుగుమందు డబ్బా వదిలేసిన రోజుల్లో ఈ పొడి ఆడవాళ్ళ సంఘానికి ఆదాయమార్గం కూడా అయింది. ఎండాకాలం చివర్న రాలిన పళ్ళు ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, పొడి కొట్టడం ఒక ఇంటి వల్ల అయ్యే పని కాదు. పత్తికి ఏపుగా ఉన్న దశలో ఎకరానికి రెండు వందల లీటర్ల ద్రావణం కావాలి, అంటే పది కిలోల పొడి.

కొనేముందు చిటికెడు పొడి తెల్లకాగితం మీద నలిపి చూడండి. నూనె మరక పడాలి. పడలేదంటే అది నూనె తీసేసిన వేపచెక్క పొడి. భూమిలో వేసుకోవడానికి బాగుంటుంది గానీ పురుగు మీద పెద్దగా పనిచేయదు. నల్లగా ఉండి ముక్కవాసన వస్తే గింజకు బూజు పట్టిందని అర్థం. పప్పు పొడా, పెంకుతో సహా కొట్టిన పొడా అనేది కూడా అడగాలి. గింజ బరువులో పెంకు వాటా బాగానే ఉంటుంది కాబట్టి పెంకుతో కొట్టినదైతే మోతాదు రెట్టింపుకు దగ్గరగా వేసుకోవాలి. ఏ సీజను గింజో తెలుసుకోండి. ఎనిమిది పది నెలలు దాటితే చేదులోని సత్తువ తగ్గిపోతుంది.

పప్పు పొడి ఐదు కిలోలు పల్చటి గుడ్డలో మూటగట్టి పది లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున పాలలా వచ్చే ద్రావణం ఆగేదాకా పిసికి, వడగట్టి, రెండు వందల గ్రాముల సబ్బు కరిగించి, మొత్తం వంద లీటర్లు చేయాలి. సబ్బు లేకపోతే ఆకు మీద నిలవదు. ఆ రోజే, సాయంత్రం పూట కొట్టాలి, ఎందుకంటే ఎండకు ఆ చేదు త్వరగా విరిగిపోతుంది. గుడ్ల మీద, పిల్ల పురుగుల మీద బాగా పనిచేస్తుంది. వేలెడంత లద్దెపురుగు మీద కొట్టి "వేప పనిచేయలేదు" అనేవాళ్ళకు చెప్పేదేముంది, కొట్టాల్సిన రోజు దాటిపోయింది.

రెండోది ఘన జీవామృతం, అంటే పేడ, బెల్లం పులియబెట్టి ఆరబెట్టిన, భూమిలో వేసే ఎరువు. వంద కిలోల పేడకు రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, కలపడానికి చాలినంత మూత్రం. నీడన ఆరబెట్టాలి. ఎకరానికి దుక్కిలో నాలుగు వందల కిలోలు వేయాలంటారు, అంత పేడ చేర్చడం ఆవు లేనివాళ్ళ వల్ల కాదు. ఇందులో మోసం తడిలో ఉంటుంది. పిడికిట్లో నలిపితే పొడిపొడిగా రాలాలి, ముద్దయితే నీళ్ళ బరువుకు డబ్బిస్తున్నట్టు. గాజు గ్లాసు నీళ్ళలో గుప్పెడు వేసి కలపండి, అడుగున ఇసుక మందంగా పేరుకుంటే మట్టి ఎక్కువ కలిపారన్నమాట. రాయిలా గట్టిపడిన ఉండలు ఎండలో ఆరబెట్టినవి, వద్దనండి. ఆరు నెలలు నిల్వ ఉంటుంది కాబట్టి తయారైన తేదీ అడిగి తీసుకోండి.

అదే ఎరువు నీళ్ళ రూపంలో ఉండే ద్రవ జీవామృతం మాత్రం సీసాల్లో, మూత బిగించిన క్యాన్లలో కొనొద్దు. అందులో ఉన్నవి బతికున్న సూక్ష్మజీవులు. గాలాడక గ్యాసు పట్టి క్యాను ఉబ్బుతుంది, తెరిస్తే మురుగుకాలువ వాసన. బాగున్నదైతే పులిసిన వాసన వస్తుంది, కంపు కొట్టదు. రెండు వందల లీటర్ల డ్రమ్ముకు పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి చాలు. ఒక నాటు ఆవు ఒక రోజు పేడతో ఇంచుమించు ఒక డ్రమ్ము అవుతుంది. పల్లీ పిండి లాంటి నూనెగింజల పిండి వేయొద్దు. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్ళయితే ఒక రాత్రి తెరిచి ఉంచాకే వాడాలి. నీడన గోనెపట్టా కప్పి, పూటకోసారి కర్రతో తిప్పుతూ రెండు రోజులుంచి, వారంలోపు వాడేయాలి. ఆవు లేకపోతే షాపుకు మీ క్యానే పట్టుకెళ్ళండి. డ్రమ్ము తయారైన రోజే, పావు వంతు ఖాళీ ఉంచి, మూత వదులుగా పెట్టి తెచ్చుకోండి. డ్రిప్పులో వదిలేవాళ్ళు పాత చీరతో రెండుసార్లు వడగట్టకపోతే మొక్కల దగ్గరికి వెళ్ళే సన్న పైపులు (లేటరల్స్) మూసుకుపోతాయి.

అగ్నిఅస్త్రం అనే ఘాటు కషాయం కొనడమే మేలు. పొగాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకు మూత్రంలో కాచేటప్పుడు వచ్చే ఘాటుకు ఇంట్లో నిలబడలేరు. మూడు నెలలు నిల్వ ఉంటుంది, వంద లీటర్లకు రెండు రెండున్నర లీటర్లు చాలు. కాయతొలుచు, కాండంతొలుచు పురుగులకు వాడతారు. కానీ ఇందులో పొగాకు విషం ఉందని మరవొద్దు. చేతికి తొడుగు, ముఖానికి గుడ్డ ఉండాలి. తేనెటీగలు తిరిగే వేళ కొట్టొద్దు, రేపు కోయబోయే ఆకుకూర మీద అసలే వద్దు.

ఆడపురుగు వాసన లాంటి ఎరతో మగపురుగులను రప్పించే లింగాకర్షక బుట్టలు కొనేటప్పుడు ఎర ఏ పురుగుదో చూడండి. శనగపచ్చ పురుగు ఎరకు పొగాకు లద్దెపురుగు రాదు. వెండిరంగు పొట్లం చిరిగి ఉంటే తీసుకోవద్దు. నిఘాకు ఎకరానికి నాలుగైదు చాలు, నెల తిరక్కుండా ఎర మార్చాలి. జిగురు అట్టలు తెల్లదోమకు పసుపువి, తామరపురుగుకు నీలివి.

షాపులతో అసలు ఇబ్బంది సరుకు అందే సమయం. పురుగు ఊరంతా ఒకే వారంలో వస్తుంది, అప్పుడు వెళ్తే కషాయం డబ్బా ఖాళీ. పూతకు ముందే ఎంత కావాలో చెప్పి పెట్టుకోండి. ఇంకొకటి, బల్ల కింద నుంచి తీసి లేబుల్ లేని "బయో" సీసా ఇస్తే అది ఎంత మంచి షాపైనా వద్దనండి. కొట్టిన గంటకే పురుగులు టపటపా రాలితే అందులో రసాయనం కలిసిందేమోనని అనుమానించాలి. వేపది అలా పనిచేయదు, పురుగు తిండి మానేసి రెండు మూడు రోజుల్లో చస్తుంది.

అద్దెకిచ్చే స్ప్రేయర్ కూడా ఉంటుంది. దాన్ని తీసుకునే ముందు దేనికి వాడారో అడగండి. గడ్డిమందు కొట్టిన ట్యాంకును సబ్బునీళ్ళతో కడిగి, పైపులో, నాజిల్‌లో కూడా మూడుసార్లు నీళ్ళు పోనివ్వకపోతే మీ కషాయంతో పాటు ఆ మిగులు కూడా మిర్చి మీద పడుతుంది.