సిమెంటు కొట్టువాడు, నాలుగేళ్ల మైన్‌క్రాఫ్ట్

మా కొట్టు తిరుపతి నుంచి రేణిగుంట పోయే రోడ్డు మీద ఉంది. సిమెంటు, ఇనుము, బైండింగ్ వైరు అమ్ముతాం. ఇంటి ప్లాను చూస్తే ఎన్ని బస్తాలు పడతాయో నోటిలెక్కతో చెప్పేస్తానని నాకు కొంచెం పొగరు కూడా ఉంది. అలాంటివాణ్ని, మైన్‌క్రాఫ్ట్ అనే ఈ ఫోన్ ఆటలో తొలిరోజు కట్టిన గదికి తలుపు పెట్టడం మరిచిపోయి లోపలే ఇరుక్కుపోయాను. మా పాప అప్పుడు నాలుగో తరగతి. పక్కన కూర్చుని కాసేపు చూసి, "గోడ పగలగొట్టుకుని రావచ్చు నాన్నా" అని మెల్లగా చెప్పింది. 2021లో, బడి అంతా ఫోన్‌లోనే నడుస్తున్న రోజుల మాట ఇది. ఇప్పుడు పాప ఎనిమిదో తరగతికి వచ్చింది. మేమింకా ఆడుతూనే ఉన్నాం.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. మైన్‌క్రాఫ్ట్‌లో ప్రపంచమంతా చతురస్రపు బ్లాకులే. చెట్టు కొడితే కొయ్య వస్తుంది, కొండ తవ్వితే రాయి వస్తుంది, వాటితో ఏం కావాలంటే అది కట్టుకోవచ్చు. ఆటలో ఒక రోజంటే మన 20 నిమిషాలు. అందులో పగలు పది నిమిషాలు, మిగిలింది సంజెలు, రాత్రి. రాత్రయితే జాంబీలు, బాణాలు వేసే అస్థిపంజరాలు బయలుదేరతాయి. గెలుపు అంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు. చివర ఒక డ్రాగన్ ఉంది, కావాలంటే చంపొచ్చు. మేము ఇంతవరకు దాని మొహం చూడలేదు. స్వీడన్‌లోని మొజాంగ్ అనే కంపెనీ 2011లో పూర్తి ఆటను విడుదల చేసింది, 2014లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొనేసింది. 2023 నాటికి 30 కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి. ఫోన్‌లో అయితే ఒకసారి డబ్బు కట్టి కొనుక్కుంటే చాలు. లోపల ఇంకో అంగడి ఉంది, బొమ్మకు కొత్త చొక్కాలూ అవీ అమ్ముతారు. పండక్కి ఒకటి అని పాపతో ఒప్పందం.

దీనికి ముందు నేను ఆడింది తుపాకీ ఆట, మా బావమరిది నేర్పించాడు. అందులో చచ్చిపోతే చెప్పుకోవడానికి కారణాలకు కొదవ లేదు. నెట్ ఆగిపోయింది, పక్కోడు కవర్ ఇవ్వలేదు, ఎవడో దొంగాట ఆడాడు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. చచ్చినప్పుడల్లా ఎందుకు చచ్చానో నాకూ తెలుస్తుంది, పక్కన కూర్చున్న పిల్లకూ తెలుస్తుంది.

మా తాతలది పాకాల దగ్గర పల్లె. బావి తవ్వడం చిన్నప్పుడు చూశాను. బావి అంటే నిలువుగానే కదా అని ఇక్కడ కూడా కాళ్ల కిందే తవ్వుకుంటూ పోయాను. వజ్రాలు అడుగున దొరుకుతాయి. 2021 చివర్లో వచ్చిన మార్పు తర్వాత భూమి లోతు మైనస్ 64 బ్లాకుల దాకా పెరిగింది, కిందికి పోయేకొద్దీ వజ్రాలు ఎక్కువ. లావా మడుగులు కూడా అక్కడే ఎక్కువ. అంతకు ముందే ఒకసారి రాతి పికాక్స్‌తో, అంటే తవ్వే పనిముట్టుతో, వజ్రాన్ని కొట్టి పొడి చేసుకున్నాను. దానికి ఇనుప పికాక్స్ కావాలి, రాతిదానితో కొడితే బ్లాకు పగులుతుంది గానీ చేతికి ఏమీ రాదు. ఇనుము అమ్మేవాడికి ఆ మాత్రం తోచలేదు. ఈసారి ఇనుపది పట్టుకునే దిగాను. 11 వజ్రాలు దొరికాయి. పన్నెండోదాని కోసం కాళ్ల కింద ఇంకో దెబ్బ వేశాను. కింద గుహ, గుహ నిండా లావా. నేనూ పోయాను, వజ్రాలూ పోయాయి, పికాక్సూ పోయింది.

"నిలబడిన చోట ఎవరన్నా తవ్వుకుంటారా నాన్నా?" అంది పాప. చెట్టు మీద కూర్చుని కొమ్మ నరుక్కున్నవాడి కథ దానికి నేనే చెప్పి ఉన్నాను.

లావాలో కాకుండా మామూలుగా చచ్చిపోతే సామాను అక్కడే పడి ఉంటుంది. మనం మళ్లీ పుట్టి ఆ దగ్గరికి వచ్చాక ఐదు నిమిషాల్లో మాయమవుతుంది. ఆలోపు వెతుక్కోవాలి. సెట్టింగుల్లో కోఆర్డినేట్లు చూపించే మీట ఉంది, అది వేసుకుంటే మనం ఎక్కడున్నామో అంకెల్లో కనిపిస్తుంది. పాప మొదటి వారంలోనే చెప్పింది. నేను వినలేదు. తిరుపతిలో పుట్టినవాడికి దిక్కులు ఒకరు చెప్పాలా? ఎక్కడ నిలబడినా కొండ కనిపిస్తే అది ఉత్తరం, అంతే లెక్క. ఆటలో కూడా ఒక పెద్ద కొండను గుర్తు పెట్టుకుని బయలుదేరాను. దాని వెనకాల అలాంటిదే ఇంకో కొండ, దాని పక్కన మరొకటి. రెండు రాత్రులు చెట్టెక్కి గడిపి, మూడో పగలు ఒక ఇల్లు కనిపిస్తే సంతోషంగా వెళ్లాను. నెల కింద మేమే కట్టి వదిలేసిన పాత గొర్రెల కొట్టం అది. ఇల్లు దాని పక్కనే ఉంది. రెండు రాత్రులూ నేను దాని చుట్టే తిరిగానన్నమాట. మరుసటి రోజు మీట వేసుకున్నాను.

ఇక కాంక్రీటు సంగతి. నాలుగు ఇసుక, నాలుగు కంకర, ఒక రంగు కలిపితే ఎనిమిది బ్లాకుల కాంక్రీటు పొడి వస్తుంది. నీళ్లు తగలగానే గట్టిపడుతుంది. సిమెంటే లేదు! మా కొట్టులో ఈ మాట చెబితే గుమాస్తా, "అయితే మనం కొట్టు మూసుకోవాల్సిందే అన్నా" అన్నాడు. పైగా ఈ ఆటలో రాళ్లు, కొయ్యలు గాలిలో నిలబడతాయి. కింద స్తంభం తీసేసినా మిద్దె పడదు. ఇసుక, కంకర, ఈ పొడి లాంటి కొన్ని మాత్రం ఆధారం లేకపోతే కిందికి జారిపోతాయి. ఈ తేడా నాకు చదివితే తెలియలేదు, నెత్తిన పడితే తెలిసింది. నాలుగు గోడలు కట్టి, ఒక చెక్క అంచున నిలబడి, పొడి బ్లాకులు పైన పరుచుకుంటూ పోదామని పక్కకు ఒకటి పెట్టాను, జారింది. మళ్లీ పెట్టాను, జారింది. సరే, ఎందుకు జారుతోందో చూద్దామని కిందికి దిగి, పైకి చూస్తూ వరసగా ఇంకో రెండు పెట్టాను. అవి నేరుగా తల మీదికి వచ్చాయి, ఊపిరాడక చచ్చాను. పాతికేళ్లుగా సిమెంటు అమ్ముతూ, కింద ఆసరాగా సెంట్రింగ్ లేకుండా స్లాబ్ పోసినవాణ్ని తిరుపతిలో నేనొక్కణ్నే అయి ఉంటాను. పాప ఈ ముక్క మా ఇంటికి వచ్చే ప్రతి మేస్త్రీకీ చెబుతోంది.

మేస్త్రీ అంటే గుర్తొచ్చింది. ఈ ఆటలో క్రీపర్ అని ఒక పచ్చటి శాల్తీ ఉంది. చేతులు లేవు, నాలుగు పొట్టి కాళ్లు. చప్పుడు లేకుండా వెనకాలకు వచ్చి, బుస్సుమని ఒకటిన్నర సెకను ఊరించి పేలిపోతుంది. ఆట తయారుచేసిన మార్కస్ పెర్సన్ పందిని చేయబోయి పొడవు, ఎత్తు తారుమారు చేశాడట. నిలువుగా నిలబడిన ఆ వింత ఆకారమే తర్వాత క్రీపర్ అయింది. తప్పులు నాకొక్కడికే సొంతం కాదని అది చదివినప్పుడు కాస్త ఊరట. ఒక వేసవి సెలవుల్లో పాప ఇంట్లో, నేను కొట్లో, ఫోన్ స్పీకర్‌లో మాట్లాడుకుంటూ ఆడుతున్నాం. పాప బొమ్మ వెనక క్రీపర్ కనిపించింది. "పరిగెత్తు పరిగెత్తు, నీ వెనకాలే ఉండాడు!" అని గట్టిగా అరిచాను. ఎదురుగా బైండింగ్ వైరు తూకం వేయించుకుంటున్న మేస్త్రీ వైరు వదిలేసి రోడ్డు మీదికి పరిగెత్తాడు. తిరిగొచ్చాక ఆయనకు ఏం చెప్పాలో తెలియక, వైరులో అరకిలో ఉచితంగా ఇచ్చాను. ఇప్పుడు కొట్టు వేళల్లో ఆడను. ఆడితే స్పీకర్ పెట్టను.

నెదర్ అని నరకంలాంటి లోకం ఇంకొకటి ఉంది. అక్కడ మంచం వేసి పడుకోబోతే మంచం బాంబులా పేలుతుంది. ఎందుకని అడక్కండి, అంతే. నీళ్లు పోస్తే ఆవిరైపోతాయి. రెండూ ఒకే రోజు ప్రయత్నించాను.

ఇవన్నీ నవ్వుకునేవి. నవ్వలేనిది ఒకటుంది. 2022లో మా చెల్లెలి కూతురి పెళ్లి వీడియో ఫోన్‌లో పట్టడం లేదు. చోటు కోసం పెద్ద పెద్ద యాప్‌లు తీసేశాను, అందులో ఇది కూడా. మళ్లీ దించుకుంటే వచ్చేస్తుంది కదా, డబ్బు కట్టాం కదా అనుకున్నాను. ఆట వచ్చింది. లోకం రాలేదు. మనం కట్టుకున్నది ఫోన్‌లోనే, ఆ యాప్ కిందే దాచి ఉంటుంది, యాప్‌తోపాటే పోతుంది. పది నెలల ఊరు, పాప పెంచిన రెండు కుక్కలు, గొర్రెల కొట్టం. పాప ఏడవలేదు, తిట్టలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పెళ్లి వీడియో ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఈ సమీక్షలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటామంటే ఇది పెట్టుకోండి: ఫోన్ మార్చేముందు, యాప్ తీసేముందు, ఆ లోకాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి వేరేచోట దాచుకోండి. పెన్సిల్ బొమ్మ మీద నొక్కితే ఆ వరుసలో కిందెక్కడో ఉంటుంది.

రెండో లోకం మొదలుపెట్టడానికి చాలా రోజులు పట్టింది. బడివాళ్లు చంద్రగిరి కోటకు తీసుకుపోయి వచ్చిన రోజు సాయంత్రం, రాజమహల్ కడదామని పాపే అడిగింది. అడిగిందే చాలనుకుని వారాల తరబడి కట్టాం. మూడంతస్తులు, వరసగా కమానులు, పైన గోపురాలు. అంత రాయి తవ్వే ఓపిక లేక, పైఅంతస్తులకు నేను కొయ్య పలకలు వాడేశాను. రాత్రి దూరం నుంచి కూడా వెలుగు కనిపించాలని నడిమి హాల్లో లావా పోసి, చుట్టూ రాయి కట్టాను. చుట్టూ కట్టాను గానీ పైన వదిలేశాను. లావా నుంచి నిప్పు పైకి ఎగిరి దగ్గర్లోని కొయ్యకు అంటుకుంటుంది. మేము కోట ముందర చెరువు తవ్వుతున్నాం. పాప తలెత్తి, "నాన్నా, మహల్ ఎందుకు అంత ఎర్రగా ఉంది?" అంది. బకెట్టుతో నీళ్లు తెచ్చేలోపు మూడో అంతస్తు లేదు. రెండోది కళ్లముందే పోయింది.

ఆదివారం ముగ్గురం అసలు చంద్రగిరికి పోయాం. రాజమహల్ మొత్తం రాయి, ఇటుక, సున్నంతో కట్టింది. కొయ్య వాడలేదు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో, ఆ సంగతి ఒక్కసారి కూడా గమనించలేదు. ఇంటిదానికి చెబితే, "విజయనగరం రాజులకు తెలిసింది మీకు తెలియకపాయె" అని నవ్వింది. పాప గోడలను ఫోటోలు తీసుకుంది, కమానుకు ఎన్ని రాళ్లో లెక్కపెట్టుకుంది.

కొనాలా వద్దా అంటే, పిల్లలతో కలిసి ఆడేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. మొదట పీస్‌ఫుల్ అనే స్థాయిలో పెట్టుకోండి, దయ్యాలు రావు. చచ్చినా సామాను పోకుండా ఉండే మీట కూడా ఉంది, నాలాంటివాళ్లు సిగ్గుపడకుండా వేసుకోవచ్చు. మా ఇంట్లో పాప వేయనివ్వదు. చిన్న తెర మీద నా లావు వేళ్లతో పెట్టబోయి పగలగొట్టడం ఇప్పటికీ జరుగుతూనే ఉంది, పాత టాబ్ ఒకటి ఉంటే అందులో ఆడుకోవడం మేలు. ఒంటరిగా, త్వరగా గెలవాలని ఆడేవాళ్లకు మాత్రం విసుగొస్తుంది.

రాజమహల్ మళ్లీ లేస్తోంది. ఈసారి అంతా రాయి, ఇటుకే. గేటు దగ్గర పాప ఇంగ్లీషు అక్షరాల్లో ఒక బోర్డు పెట్టింది: "నాన్న నిప్పు తేరాదు". కాగడాతో ఈ ఆటలో ఏదీ అంటుకోదని వాదించి చూశాను, ఒప్పుకోలేదు. ప్రస్తుతం రెండో అంతస్తు కప్పు దగ్గర ఉన్నాం. మెట్లు ఒక బ్లాకు తక్కువ వచ్చాయి. ఆ లెక్క నాదే, పాపకు ఇంకా చెప్పలేదు.