రెండు కాలాల్లో చూసిన ఒడ్డు

ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున, రంభ దగ్గర, ఇల్లు కట్టుకుందామని ఒక స్థలాన్ని మేము రెండుసార్లు చూశాం. మొదటిసారి మే నెలలో. పన్నెండు డెసిమల్‌లు, అంటే మన లెక్కలో పన్నెండు సెంట్లు. నేల చదునుగా, గట్టిగా ఉంది. ఒక మూల తాటిచెట్టు, దానికి కాస్త అవతల చిలికా నీటి అంచు, ఆ నీటికి ఆవల కొండలు. మధ్యవర్తి తాటిచెట్టు మీద చెయ్యి వేసి, "ఇదే మీ హద్దు. వరండా ఇక్కడికి తెచ్చుకోండి" అన్నాడు. మావారు అప్పటికే మనసులో ఆ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను కాళ్ల కింద మట్టిలో తెల్లగా మెరుస్తున్న చిన్న గుల్లలను ఏరి, మనవరాలికి ఇద్దామని కొంగున కట్టుకున్నాను. సరస్సులో ఉండాల్సిన గుల్లలు ఇంటిస్థలంలోకి ఎలా వచ్చాయని ఆ రోజు నాకు తోచలేదు.

రెండోసారి సెప్టెంబరు మొదటివారంలో, మధ్యవర్తికి చెప్పకుండా వెళ్లాం. తాటిచెట్టు మోకాలిలోతు నీళ్లలో ఉంది. వరండా కట్టుకోమన్న చోట ఒక ముసలాయన తెప్ప నిలిపి వల సర్దుకుంటున్నాడు. గంజాం తీరంలోని నోలియా జాలరులకు తెలుగే ఇంటిభాష కాబట్టి మాట కలిపాం. "ఏ ఏడైనా శ్రావణ, భాద్రపదాల్లో నీళ్లు ఇక్కడికి వస్తాయమ్మా. పండగలయ్యాక వెళ్లిపోతాయి. స్థలం చూపించేవాళ్లంతా ఎండాకాలంలోనే చూపిస్తారు" అన్నాడాయన. మావారు చాలాసేపు మాట్లాడలేదు.

మేము బరంపురం తెలుగువాళ్లం. నేను ముప్ఫై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నాను. మావారి పుట్టిల్లు ఇచ్ఛాపురం. బాహుదా ఒడ్డున ఈత నేర్చిన మనిషి. ఉద్యోగమంతా పట్టణాల్లో గడిచింది కాబట్టి మిగిలిన రోజులు నీటి పక్కన గడపాలన్నది ఆయన కోరిక. అందుకే జనవరి నుంచి ఈ సరిహద్దు జిల్లాల్లో సరస్సులూ నదులూ వరుసగా చూస్తున్నాం. ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్లకు పనికొస్తుందని మేము చూసినది రాస్తున్నాను.

చిలికా గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరి కళ్లూ ముందు అక్కడికే పోతాయి. వేసవిలో సరస్సు విస్తీర్ణం సుమారు 906 చదరపు కిలోమీటర్లు, వానాకాలంలో సుమారు 1165. ఈ లెక్క నేను చిన్నప్పుడు చదివిందే, పిల్లలకు చెప్పిందే. తాటిచెట్టును నీళ్లలో చూశాక గానీ దాని అర్థం తెలియలేదు. దాదాపు 260 చదరపు కిలోమీటర్ల నేల ఏడాదిలో కొన్నాళ్లు పొలంలా కనిపిస్తుంది, కొన్నాళ్లు సరస్సవుతుంది. అలాంటి నేల మీద ఎవరిదో పేరుతో కాగితం ఉండవచ్చు, అది అమ్మకానికి రావచ్చు. ఇల్లు మాత్రం అక్కడ నిలవదు.

అన్ని ఒడ్లూ ఒకలా ఉండవన్నది మరో సంగతి. ఉత్తరపు వైపు దయా, భార్గవి వంటి మహానది పాయలు ఒండ్రు తెచ్చి పోస్తాయి. అక్కడ నీరు పలచన, కలుపు దట్టం, అంచు ఏటా మారుతుంది. రంభ ఉన్న దక్షిణపు వైపు కొండలు సరస్సును ఆనుకుని ఉంటాయి, లోతు ఎక్కువ, ఒండ్రు తక్కువ. గంజాం జిల్లాలో చిలికా కావాలనుకునేవాళ్లకు రంభ పరిసరాలే మేలని నా అభిప్రాయం. అయితే నీరు ఉప్పన. ఒడ్డుకు దగ్గరగా తవ్విన బావి నీళ్లు నోట పెట్టుకుని చూడకుండా ఏ మాటా ఇవ్వవద్దు. మేము ఒక ఇంట్లో అడిగి తాగాం. వాళ్లు ఆ నీళ్లతో గిన్నెలు మాత్రమే కడుగుతారట.

రంభలో బసకు ఒడిశా పర్యాటక సంస్థవారి పాంథనివాస్ ఉంది. గదిలోంచే సరస్సు కనిపిస్తుంది, మెట్లు దిగితే పడవల రేవు. రెండుసార్లూ అక్కడే దిగాం. పీతల కూర, అన్నం వేడిగా పెట్టారు; మావారి మోకాళ్లు చూసి, అడగకుండానే కింది గది ఇచ్చారు. ఈస్టిండియా కంపెనీ కాలంలో థామస్ స్నాడ్‌గ్రాస్ కట్టించిన పాత భవనం ఇప్పుడు రాజభవనపు హోటలుగా మారింది. అది మా స్తోమతకు మించినది కాబట్టి బయటి నుంచే చూశాం. పడవ మాట్లాడుకుని ఘంటశిల కొండ దాకా, ఇంగ్లీషు దొరలు ఉదయపు ఫలహారానికి వెళ్లేవారని చెప్పే చిన్న ద్వీపం దాకా వెళ్లాం. ఆ పడవ మీద నుంచి ఒడ్డును చూడటం చాలా ముఖ్యం. నీటి మరక రాళ్లమీద ఎంత ఎత్తున ఉందో, ఏ ఇళ్ల గోడలు అడుగున నాచుపట్టి ఉన్నాయో నీటి మీద నుంచే బాగా కనిపిస్తుంది. నేల మీద నిలబడి చూస్తే అందం ఒక్కటే కనిపిస్తుంది.

కాగితాల సంగతి. ఒడిశాలో భూమి వివరాలు భూలేఖ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఖాతా, ప్లాట్ నంబర్లతో పాటు 'కిసం' అనే గడి ఉంటుంది, అంటే భూమి రకం. 'ఘరబారి' అని ఉంటే ఇంటిస్థలం. 'శారద' అని ఉంటే వరిపొలం, తహసీల్దారు దగ్గర మార్పించుకోవాలి. 'గోచర' అంటే పశువుల బీడు, 'జలాశయ' అంటే నీటి నేల. ఆ మాటలు కనిపిస్తే లేచి వచ్చేయాలి. అవన్నీ ఒడియాలో ఉంటాయి. మనలో చాలామంది ఒడియా ధారాళంగా మాట్లాడతారు గానీ చదవలేరు, మధ్యవర్తి చదివింది విని తలూపుతారు. దయచేసి అలా చేయకండి. చదవగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లండి. మా తాటిచెట్టు స్థలం కిసం నేనే చదివాను. శారద. మధ్యవర్తి మాకు చెప్పింది ఘరబారి.

చిలికా 1981లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల ప్రకారం ఇలాంటి చోట్ల, గత పదేళ్ల సగటు గరిష్ఠ వరదమట్టం నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత కట్టడం కూడదు. సముద్రపు పోటు తగిలే నీటికి తీరప్రాంత నిబంధనలు వేరే ఉన్నాయి. ఇక రొయ్యల చెరువు వేస్తామనే ఆశతో ఒడ్డు భూమి కొనేవాళ్లకు ఒక మాట: చిలికాకు 1000 మీటర్ల లోపు రొయ్యల పెంపకం కూడదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఇంకొకటి, సరస్సు చుట్టూ జాలరి కుటుంబాల్లో చాలామంది షెడ్యూల్డ్ కులాలవారు. ఇతరులు వాళ్ల భూమి కొనాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 22వ సెక్షన్ కింద సబ్‌కలెక్టరు అనుమతి తప్పనిసరి. అది లేని అమ్మకం చెల్లదు. ఈ అడ్డు ఉండటం నాకు సంతోషం. వలవేసే మనిషి ఒడ్డును పోగొట్టుకుంటే ఆయనకు ఇంకేముంటుంది?

ఛత్రపురం పక్కనున్న తంపరా మంచినీటి సరస్సు. మా ఇంటి నుంచి గంటలోపే వెళ్లాం. నీళ్లు తేటగా, చుట్టూ జీడితోటలతో ప్రశాంతంగా ఉంది. అదీ ఇప్పుడు రామ్‌సర్ స్థలమే, పైగా చిన్నది. మూడు వందల హెక్టార్లు. అందరం చుట్టూ ఇళ్లు కట్టేస్తే ఆ నీరు ఎన్నాళ్లు తేటగా ఉంటుంది? ఒక పూట ఉండి, పడవెక్కి, తిరిగి రావడానికి మంచిది. కొనాలని అనిపించలేదు.

ఋషికుల్యా సముద్రంలో కలిసే చోటికి ఫిబ్రవరిలో వెళ్లాం. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా గుడ్లు పెట్టే తీరం అది. నది ఒకవైపు, సముద్రం ఒకవైపు, మధ్యలో సన్నని ఇసుక నాలుక. ఇంతకంటే అందమైన చోటు నేను చూడలేదు. కానీ ఆ నాలుక ఏడాదికో తీరున ఉంటుంది. నది నోరు జరుగుతూ ఉంటుంది. దగ్గర్లోనే పొడంపేట అనే మన జాలరుల ఊరు ఉండేది. సముద్రం ఇళ్లను వరుసగా మింగేస్తే, జనాన్ని లోపలికి తరలించారు. సగం గోడలు, ఒక గడప, ఇసుకలో కూరుకుపోయిన రోలు చూశాను. ఆ గడప ముందు ఒకప్పుడు ముగ్గు వేసిన ఆడమనిషి ఎవరోనని రాత్రంతా ఆలోచించాను. ఆ తీరం తాబేళ్లది, సముద్రానిది. అక్కడ విడిది ఇళ్ల కోసం స్థలాలు వెతకడం మానుకోవాలని గట్టిగా చెబుతున్నాను. తాబేలు పిల్లలు వెలుతురును బట్టి సముద్రం దారి పట్టుకుంటాయి. మన వరండా దీపాలు వాటిని వెనక్కి లాగుతాయి.

పర్లాకిమిడిలో మా వదిన ఉంది కాబట్టి బస గురించి బెంగ లేదు. టెక్కలి మీదుగా వెళ్లాం. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు. నాలాంటి దానికి అక్కడి వీధిలో నడవడమే పండగ. అంగట్లో, గుళ్లో, ఆసుపత్రిలో తెలుగు వినిపిస్తుంది, వయసు మీరినవాళ్లకు అది చిన్న విషయం కాదు. ఊరి పక్కనే మహేంద్రతనయ. మార్చిలో చూస్తే ఇసుక, మధ్యలో పాయ, అక్కడక్కడ కూరగాయల మళ్లు. స్థలాల ధర చిలికా వైపు కంటే తక్కువగానే చెప్పారు. వదిన మమ్మల్ని ఆపింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఈ నది ఒక్క రాత్రిలో ఎలా లేచిందో ఆమె కళ్లారా చూసింది. కొండల్లో కురిసిన వాన గంటల్లో కిందికి దిగుతుంది. సరస్సులా మెల్లగా పెరిగి హెచ్చరించదు. "ఊళ్లో ఇల్లు కొనుక్కోండి, సాయంత్రం ఏటికి నడిచి వెళ్లండి" అంది. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో గుమ్మ, రాయగడ బ్లాకులు షెడ్యూల్డ్ ప్రాంతాలు కూడా, అంటే గిరిజనుల భూమికి ప్రత్యేక రక్షణ ఉన్న చోట్లు.

కొరాపుట్ వెళ్లింది కొలాబ్ జలాశయం కోసం. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో ఆ ప్రయాణమే ఒక వరం. సొరంగాలు, లోయలు దాటుకుంటూ మావారు చిన్నపిల్లాడిలా కిటికీ వదల్లేదు. బస మాత్రం బాధ పెట్టింది. మేము దిగిన లాడ్జిలో వేడినీళ్లు ఉంటాయని ఫోనులో చెప్పి, ఆ చలిలో బకెట్టు చన్నీళ్లు పెట్టారు. అడిగితే వేరే లాడ్జి చూసుకోమన్నారు. మర్నాడు జలాశయం చూసి అదంతా మరిచాం. కొండల మధ్య నీలం నీరు, దీవులు, చలిగాలి. కానీ అది విద్యుత్తు కోసం కట్టిన ఆనకట్ట. నీళ్లు వాడేకొద్దీ మట్టం దిగిపోయి, వేసవికి చుట్టూ వెడల్పుగా ఎర్రమట్టి బయటపడుతుంది. కొరాపుట్ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం. గిరిజన భూముల నిబంధనలకు వచ్చిన 2002 సవరణ తర్వాత అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మడానికి వీలులేదు. 2023లో దాన్ని సడలించే ప్రయత్నం జరిగి, వ్యతిరేకత రావడంతో ఆగిపోయింది. "వేరే పేరు మీద రాయిద్దాం" అని ఒకాయన మాకు దారి చెప్పబోయాడు. మేము వినదలచుకోలేదు. ఆ నీటి కింద ఊళ్లున్నాయి. వాటిని వదిలి పైకి వచ్చినవాళ్ల దగ్గర మిగిలిన నేలచెక్కను దొడ్డిదారిన లాక్కోవడం పాపం.

అలా తిరిగి తిరిగి మళ్లీ రంభకే వచ్చాం. ఈసారి ఒడ్డున కాదు, రైలుకట్టకు పైన, కొండవాలులో ఒక పాత ఇంటి స్థలం. కిసం ఘరబారి అని నేనే చదివాను. బావి నీళ్లు తాగాను, తియ్యగా ఉన్నాయి. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి జాతీయ రహదారి మీద గంటంపావులో వెళ్లిపోవచ్చు. అక్కడి నుంచి సరస్సు ఒక నీలిగీతలా కనిపిస్తుంది. మావారు మొదట ముఖం ముడుచుకున్నారు, "ఇది నీటి ఒడ్డా?" అని. తర్వాత ఒక్కరే రేవుదాకా నడిచి వెళ్లి వచ్చారు. పదిహేను నిమిషాలు పట్టిందట, దారిలో ఇద్దరు పలకరించారట.

పక్కింటి పెద్దావిడను ఫైలిన్ గురించి అడిగాను. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురం దగ్గర తీరం దాటిన ఆ తుపానును ఇక్కడివాళ్లు ఎవరూ మరిచిపోలేదు. నీళ్లు ఇంత పైకి రాలేదంది. రేకులు మాత్రం లేచిపోయి కింది చెరువులో దొరికాయంది. అందుకని రేకుల ఆలోచన మానేసి, పైకప్పు కాంక్రీటుతో వేయించాలనుకుంటున్నాం. దసరా తర్వాత అమీన్, అంటే భూమి కొలిచే ఆయన, వచ్చి కొలతలు వేస్తాడు. అప్పటిదాకా బయానా ఇవ్వలేదు.